మొదటి పుల్ రిక్వెస్ట్‌కి ఇవతలి వైపు

ఓపెన్ సోర్స్‌లో, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగలిగే ప్రాజెక్టుల్లో, మొదటిసారి కోడ్ పంపినవాళ్లు తమ అనుభవం రాయడం చాలానే చూశాను. ఎంత భయపడ్డారో, ఎవరు సాయం చేశారో, అది ప్రాజెక్టులో కలిసిన (మెర్జ్ అయిన) రోజు ఎలా అనిపించిందో రాస్తారు. ఆ కోడ్ అందుకునే వైపు ఏం జరుగుతుందో రాసేవాళ్లు తక్కువ. నేను కొన్నేళ్లుగా ఒక చిన్న టూల్‌కి మెయింటైనర్‌ని, అంటే వచ్చే మార్పులు చూసి కలిపే బాధ్యత నాది. పైథాన్‌లో రాసిన కమాండ్ లైన్ టూల్ అది. సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడగొట్టిన పట్టిక) ఇస్తే కావలసిన కాలమ్స్ ఏరి, శుభ్రం చేసి, ఇంకో ఫైల్‌గా ఇస్తుంది. వాడేవాళ్లు ఓ మోస్తరుగా ఉన్నారు, చూసుకునేవాళ్లం ఇద్దరమే. ఈమధ్య ఒకావిడ మా ప్రాజెక్టుకి పుల్ రిక్వెస్ట్ పంపారు, అంటే కోడ్‌లో మార్పు చేసి దాన్ని కలుపుకోమని అడిగారు. మాకే కాదు, ఏ ప్రాజెక్టుకైనా ఆమె పంపడం అదే మొదలు. ఇష్యూ (సమస్యని రాసి పెట్టే పోస్టు) తెరిచిన దగ్గర్నుంచి ఆ మార్పు రిలీజ్‌లోకి వెళ్లేదాకా ఏం జరిగిందో, మధ్యలో నేను ఏం ఆలోచించానో రాస్తున్నాను.

ఆమె రాసిన సమస్య ఇది: "ఫైల్‌లో ఐడీ అనే కాలమ్ కనిపిస్తూనే ఉంది. మీ టూల్ మాత్రం అలాంటి కాలమ్ లేదంటోంది." దానితో పాటు ఫైల్‌లో మొదటి రెండు లైన్లు, వచ్చిన ఎర్రర్, వాడుతున్న వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ అన్నీ ఇచ్చారు. "పనిచేయట్లేదు, చూడగలరు" అని ఒక్క ముక్క రాసి మాయమయ్యేవాళ్లని చూసి చూసి ఉన్న ప్రాణానికి ఇది చాలా హాయిగా అనిపించింది.

కారణం చూడగానే తెలిసిపోయింది. ఎక్సెల్‌లో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని ఎంచుకుని సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో మూడు బైట్లు అదనంగా చేరతాయి. బైట్ ఆర్డర్ మార్క్ అంటారు, పొట్టిగా బామ్. కంటికి కనిపించదు. దాని సంగతి పట్టించుకోని ప్రోగ్రామ్ ఆ ఫైల్ చదివితే ఆ గుర్తు మొదటి కాలమ్ పేరుకి ముందు అతుక్కుపోతుంది. మనకి కనిపించేది ఐడీ, ప్రోగ్రామ్‌కి కనిపించేది ఐడీకి ముందు ఇంకో అక్షరం ఉన్న వేరే పేరు. రెండో కాలమ్ నుంచి అన్నీ మామూలుగా పనిచేస్తాయి కాబట్టి వాడేవాళ్లకి మరీ అయోమయం. పైథాన్‌లో దీనికి మందు ఎప్పుడో ఉంది. ఫైల్ చదివేటప్పుడు ఎన్‌కోడింగ్‌గా (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతిగా) 'యూటీఎఫ్-8' బదులు 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇస్తే, ఆ గుర్తు ఉంటే తీసేస్తుంది, లేకపోతే మామూలుగా చదువుకుంటూ పోతుంది.

నేను చేస్తే ఐదు నిమిషాల పని. చేయలేదు. ఆమె ఇష్యూ చివర్లో ఇంకో మాట కూడా రాశారు: "ఎక్కడ మార్చాలో చెప్తే నేను ప్రయత్నించొచ్చా సర్? పైథాన్ కొంచెం వచ్చు. గిట్ రాదు." గిట్ అంటే కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే టూల్.

ఇలాంటి చోట మెయింటైనర్ చెయ్యి ఊరుకోదు. ఐదు నిమిషాల్లో అయ్యే పనికి రోజుల తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు ఎందుకు అనిపిస్తుంది. ఆమెకి వివరించి, రివ్యూ చేసి, మళ్లీ వివరించేందుకు పట్టే టైమ్‌లో అలాంటి బగ్స్ అరడజను మూసేయొచ్చు. ఆ లెక్క నిజమే. కానీ ఇద్దరి మీద నడిచే ప్రాజెక్టులో ఒకరు తప్పుకుంటే మిగిలేది ఒక్కరు. దయతోనో దానంగానో ఆ పని ఆమెకి వదల్లేదు, నా అవసరం కూడా అందులో ఉంది. పైగా ఆ బగ్ వల్ల నష్టపోయిన మనిషి ఆమె. అసలు ఫైల్ ఆమె దగ్గరే ఉంది, ఎక్సెల్ ఆమె దగ్గరే ఉంది. నేను లైనక్స్ మీద కూర్చుని ఊహించి పరీక్షించడం కంటే ఆమె పరీక్షిస్తేనే నమ్మకం ఎక్కువ.

చాలా ప్రాజెక్టుల్లో 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అనే లేబుల్ ఉంటుంది. ఇలాంటి ప్రాజెక్టుల కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్ ఆ లేబుల్ చూసి కొత్తవాళ్లకి ఇష్యూలు చూపిస్తుంది. రిపో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) అడ్రస్ చివర 'కాంట్రిబ్యూట్' అని చేర్చినా ఆ జాబితా వస్తుంది. లేబుల్ మంచిదే, దాన్ని వాడే తీరుతోనే నాకు పేచీ. మాకు ఇష్టం లేని పనులు, వేరియబుల్ పేర్లు మార్చడం లాంటివి కొత్తవాళ్ల నెత్తిన పడేయడం ఒక రకం. మెయింటైనర్‌కి మాత్రమే తేలికైన పనికి, అంటే కోడ్ అంతా తలలో ఉంటే తప్ప చేయలేని పనికి, ఆ లేబుల్ తగిలించడం ఇంకో రకం. నేను చూసేవి ఇవి: ఆ పని నిజంగా ఎవరికైనా కావాలా, అయిపోయిందని ఎలా తెలుస్తుంది, ఒకటి రెండు ఫైళ్లలో ముగుస్తుందా, ఈలోగా ఎవరి పనైనా ఆగిపోతుందా. ఈ బగ్‌కి తాత్కాలిక దారి ఉంది, ఫైల్‌ని బామ్ లేకుండా సేవ్ చేసుకుంటే చాలు. కాబట్టి ఆగొచ్చు.

జవాబు మాత్రం ఆలస్యం చేయలేదు. దీని వెనక ఒక కారణం ఉంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్లు ఒకప్పుడు తమ ప్రాజెక్టులో కొత్తవాళ్ల లెక్కలు చూసుకుంటే, మొదటి ప్యాచ్‌కి (పంపిన మార్పుకి) 48 గంటల్లోపు రివ్యూ అందినవాళ్లు మళ్లీ రావడం బాగా ఎక్కువగా ఉందట. 7 రోజులు దాటాక జవాబు వచ్చినవాళ్లు దాదాపు ఎవరూ తిరిగి రాలేదట. నా చిన్న ప్రాజెక్టులో అంత లెక్కలు తీసే సందు లేదు గానీ, తీరు మాత్రం అదే. రివ్యూ చేసే తీరిక లేకపోయినా "చూశాను, వారాంతంలో వివరంగా రాస్తాను" అని ఒక లైన్ రాస్తే అవతలి మనిషి ఆగగలరు. ఏ మాటా లేకపోతే ఏదో తప్పు చేశామనుకుని వెళ్లిపోతారు.

నా జవాబులో కారణం నాలుగు లైన్లలో రాశాను. ఏ ఫైల్‌లో, ఏ ఫంక్షన్‌లో చూడాలో చెప్పాను, ఏ లైన్ మార్చాలో చెప్పలేదు. టెస్టులు ఎలా నడపాలో, కొత్త టెస్ట్ ఒకటి ఎందుకు కావాలో చెప్పాను. ఇష్యూ ఆమె పేరు మీద పెట్టాను. చివర్లో ఇలా రాశాను: "తొందరేం లేదండి. మధ్యలో కుదరకపోతే కుదరట్లేదని ఒక్క మాట చెప్పండి చాలు, కారణం చెప్పక్కర్లేదు." ఈ చివరి వాక్యం నేను ఎప్పుడూ రాస్తాను. పని ఒప్పుకుని ఎక్కడో ఇరుక్కుపోయినవాళ్లు మొహమాటంతో ఆ మాట చెప్పలేరు. వాళ్లు చెప్పరు, మనం అడగలేం, ఆ ఇష్యూ వాళ్ల పేరు మీద నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. బయటికి దారి ముందే చూపిస్తే లోపలికి రావడం తేలికవుతుంది.

సర్ అని పిలవొద్దని కూడా రాశాను, పేరుతో పిలవండి చాలని. తర్వాతి మెసేజ్‌లో పేరు చివర గారు వచ్చి చేరింది. అంతకంటే బతిమాలలేదు. మర్యాద విషయంలో నాకు అభ్యంతరమేమీ లేదు. సర్ అన్నంతసేపూ నేను ఏం చెప్పినా "అలాగే సర్" అనే వస్తుంది, రివ్యూలో నాకు కావలసింది అది కాదు.

మొదటి అడ్డంకి కోడ్ దాకా రాకముందే తగిలింది. మా కాంట్రిబ్యూటింగ్ ఫైల్ (మార్పులు పంపేవాళ్లకి రాసిన సూచనలు) చూసి ఆమె వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టుకి విడిగా ఉండే పైథాన్ సెటప్) తయారు చేసుకున్నారు, దాన్ని యాక్టివేట్ చేసే కమాండ్ దగ్గర ఆగిపోయారు. అందులో ఉన్నది లైనక్స్, మ్యాక్ కమాండ్. విండోస్‌లో ఆ స్క్రిప్ట్ వేరే ఫోల్డర్‌లో ఉంటుంది. అది వెతికి పట్టుకున్నాక, విండోస్‌లో కమాండ్లు నడిపే పవర్‌షెల్ ఈ సిస్టమ్‌లో స్క్రిప్టులు నడపడానికి వీల్లేదని ఎర్రర్ ఇచ్చింది. ఎగ్జిక్యూషన్ పాలసీ అనే సెట్టింగ్ వల్ల వచ్చే ఎర్రర్ అది. విండోస్‌లో పైథాన్ నేర్చుకునే వాళ్లందరినీ ఒకసారి పలకరిస్తుంది. మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో నడిపితే ఆ గొడవ ఉండదని చెప్పాను, పనైంది. మేమిద్దరం లైనక్స్ వాళ్లం కాబట్టి ఆ పేజీలో ఏం లేదో మాకు కనిపించే అవకాశమే లేదు. మీకు ఎక్కడెక్కడ ఆగిపోయిందో నోట్ చేసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది అన్నాను.

రెండోది నేను ఎదురుచూడని ప్రశ్న. "ఈ టూల్ నేను ఆఫీసు పనికే వాడతాను. ఆఫీసు లాప్‌టాప్‌లోనే ఈ మార్పు చేస్తే ఏమైనా ఇబ్బందా అండీ?" అనుభవం ఉన్నవాళ్లు కూడా చాలామంది ఇది అడగరు. ఉద్యోగ ఒప్పందాల్లో చాలావాటిలో, పనిలో భాగంగా రాసినదానిపై హక్కు కంపెనీదే అని ఉంటుంది. ఆ కోడ్ మాకు ఇచ్చే హక్కు ఆమెకి లేకపోతే రేపు తలనొప్పి ఇద్దరికీ. పెద్ద ప్రాజెక్టులు దీనికి ఏర్పాట్లు చేసుకున్నాయి. లైనక్స్ కెర్నల్ 2004 నుంచి ప్రతి ప్యాచ్ కింద 'సైన్డ్ ఆఫ్ బై' అని పేరుతో ఒక లైన్ అడుగుతోంది. ఇది ఇచ్చే హక్కు నాకుంది అని రాసినవాళ్లు ఇచ్చే హామీ అది. కొన్ని కంపెనీల ప్రాజెక్టులు విడిగా ఒప్పంద పత్రమే సంతకం చేయించుకుంటాయి. మాది ఎంఐటీ లైసెన్స్, కోడ్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని చెప్పేది. లైసెన్స్ ఉన్న రిపోకి పంపిన మార్పు అదే లైసెన్స్ కింద వచ్చినట్టే అని గిట్‌హబ్ నియమాల్లోనే ఉంది, మేము దాంతో సరిపెట్టుకుంటున్నాం. ఆమెకి మాత్రం "మీ మేనేజర్‌ని ఒక మెయిల్‌లో అడిగి, సరే అన్న జవాబు దాచుకోండి" అని చెప్పాను. ఆ జవాబు రావడానికి కొంత టైమ్ పట్టింది. పట్టనీ.

ఇంకో చిన్న సంగతి కూడా అప్పుడే చెప్పాను. కమిట్‌లో (గిట్‌లో మార్పుని భద్రపరిచే నమోదులో) పేరు, ఈమెయిల్ ఉంటాయి, ఒకసారి పబ్లిక్ అయ్యాక వాటిని వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు. సొంత మెయిల్ కనిపించకూడదనుకుంటే గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో దాని బదులు వాడుకునే ఒక అడ్రస్ ఇస్తారు. ఇది మొదటి కమిట్‌కి ముందే తెలియాలి, తర్వాత తెలిసి లాభం లేదు.

పుల్ రిక్వెస్ట్ వచ్చింది. తెరిస్తే వందల లైన్లు ఎర్రగా, పచ్చగా. మారాల్సింది ఒకటి రెండు లైన్లు. ఆమె ఎడిటర్‌లో సేవ్ చేయగానే కోడ్‌ని తన పద్ధతిలో సర్దేసే ఫార్మాటర్ ఉంది. అది ఫైల్ మొత్తం కోట్ గుర్తులన్నీ మార్చేసి, లైన్లు విరిచేసి పెట్టింది. పక్కనే పసుపు రంగులో టెస్టులు ఆగి ఉన్నాయన్న గుర్తు. అది చూసి ఆమె "నేనేదో పాడు చేసినట్టున్నాను, మూసేయమంటారా?" అని రాశారు.

ముందు ఆ పసుపు గుర్తు సంగతి చెప్పాను. కొత్తవాళ్ల పుల్ రిక్వెస్ట్ మీద టెస్టులు వాటంతట అవే నడవవు, మెయింటైనర్ అనుమతి ఇవ్వాలి. టెస్టులు నడపడానికి గిట్‌హబ్ ఊరికే ఇచ్చే కంప్యూటర్ల మీద కొందరు పుల్ రిక్వెస్టుల ద్వారా క్రిప్టో మైనింగ్ నడపడంతో 2021లో గిట్‌హబ్ ఈ ఏర్పాటు పెట్టింది. ఆమె చేసినదానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఎవరూ చెప్పకపోతే కొత్తవాళ్లకి అది అనుమానంగా చూస్తున్నట్టే ఉంటుంది. అందుకే అనుమతి ఇచ్చే బటన్ నొక్కడంతో పాటు ఒక లైన్ రాస్తాను.

ఫార్మాటర్ గురించి "స్టైల్ గైడ్ పాటించండి" అని ఒక లింక్ పడేస్తే అయిపోతుంది, చాలాచోట్ల అదే చేస్తారు. నేను కారణం రాశాను: ఇన్ని లైన్లలో మీ మార్పు ఏదో నాకు కనిపించట్లేదు, ఏడాది తర్వాత ఈ చరిత్ర చూసేవాళ్లకి అసలే కనిపించదు. తర్వాత దారి రాశాను: ఫైల్‌ని మొదటి స్థితికి తెచ్చే గిట్ కమాండ్, ఎడిటర్‌లో ఫార్మాట్ చేయకుండా సేవ్ చేసే పద్ధతి, కమిట్ చేసే ముందు తేడా ఒకసారి చూసుకునే కమాండ్. నేనే ఆమె బ్రాంచ్‌లోకి (ఆమె మార్పులు ఉన్న విడి పాయలోకి) వెళ్లి సరిచేసేయొచ్చు కూడా. మెయింటైనర్లు ఎడిట్ చేయొచ్చనే టిక్కు మామూలుగా పెట్టే ఉంటుంది. ఆ పని చేస్తే మార్పు నాదవుతుంది, ఆమె చూస్తూ కూర్చున్నట్టవుతుంది. రివ్యూలో 'సజెషన్' అని రెడీమేడ్ కోడ్ ఇచ్చే సదుపాయం కూడా నేను అక్షర దోషాలకి తప్ప కొత్తవాళ్ల దగ్గర వాడను.

రెండోసారి తేడా శుభ్రంగా వచ్చింది. అప్పుడు అసలు రివ్యూ మొదలైంది.

ఆమె కోడ్‌లో యూటీఎఫ్-8 అని ఉన్న ప్రతిచోటా యూటీఎఫ్-8-సిగ్ అని మార్చారు. చదివే చోటే కాదు, రాసే చోట కూడా. చదివేటప్పుడు ఆ ఎన్‌కోడింగ్ గుర్తుని తీసేస్తుంది, రాసేటప్పుడు గుర్తుని చేరుస్తుంది. అంటే మా టూల్ ఇచ్చే ప్రతి ఫైల్‌కీ ముందు ఆ మూడు బైట్లు వచ్చి కూర్చుంటాయి. ఏ సమస్యతో ఆమె వచ్చారో అదే సమస్యని మేము పక్క ప్రోగ్రామ్‌కి పంపిస్తాం. ఇది తప్పు అని రాయకుండా, "టూల్ రాసిన ఫైల్‌ని బైట్ల రూపంలో తెరిచి మొదటి మూడు చూస్తారా?" అని అడిగాను. చూశారు. "అయ్యో, ఇక్కడా వచ్చిందే" అన్నారు. ఆ వెంటనే ఇంకో మాట: "కానీ అలా ఉంటేనే మంచిదేమో అండీ. బామ్ లేని ఫైల్‌ని మా వాళ్లు ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఇంగ్లిష్ కాని అక్షరాలన్నీ పిచ్చి గీతల్లా వస్తాయి. మీ టూల్ ఇచ్చిన ఫైల్‌తో రోజూ ఈ గొడవే."

ఆమె చెప్పింది నిజం. విండోస్ ఎక్సెల్ ఆ గుర్తు చూసే ఇది యూటీఎఫ్-8 అని గుర్తుపడుతుంది. లేకపోతే పాత కోడ్ పేజీ (పాతకాలపు అక్షరాల పట్టిక) అనుకుని తెరుస్తుంది. నాకు ఆ సంగతి పుస్తకంలో చదివినట్టు తెలుసు. మా టూల్ వాడేవాళ్లు అవతల దాన్ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తారన్నది మాత్రం ఆలోచనలో లేదు. మా లెక్కలో అవతల ఉండేది ఇంకో స్క్రిప్ట్. ఇన్నేళ్లలో ఒక్కరూ ఈ మాట ఇంత స్పష్టంగా చెప్పలేదు.

అయినా ఒప్పుకోలేదు. ఇప్పటికే మా ఫైళ్లని వేరే ప్రోగ్రాములకి అందిస్తున్నవాళ్లు ఉన్నారు. మాట చెప్పకుండా ముందు మూడు బైట్లు చేరిస్తే వాళ్ల పనులు విరిగిపోతాయి. కాబట్టి ఈ పుల్ రిక్వెస్ట్‌లో చదివే వైపు మార్పు మాత్రమే తీసుకుంటాను, రాసే వైపు కావాలనుకున్నవాళ్లు ఎంచుకునే ఆప్షన్‌గా విడిగా చేద్దాం, దానికి మీరే ఇష్యూ తెరవండి, ఇప్పుడు నాకు చెప్పినదే అందులో రాయండి అన్నాను. కొత్తవాళ్లకి కాదని చెప్పడానికి చాలామంది మెయింటైనర్లు జంకుతారు. నొచ్చుకుంటారేమోనని ఏదో ఒకటి మెర్జ్ చేసేసి, తర్వాత నిశ్శబ్దంగా వెనక్కి తీసేస్తారు. దానికంటే అవమానం ఇంకోటి ఉండదు. కారణంతో కాదన్నవాళ్ల మాట కొత్తవాళ్లు బాగానే తీసుకుంటారు. ఆమె కూడా "సరే, అర్థమైంది" అని ఆ రాత్రే ఇష్యూ తెరిచారు.

టెస్ట్ దగ్గర ఇంకో ముచ్చట. బామ్ ఉన్న ఒక నమూనా సీఎస్‌వీ ఫైల్ పెట్టి, దాన్ని చదివి ఐడీ కాలమ్ దొరుకుతోందని పరీక్షించారు. చూడ్డానికి బాగానే ఉంది, టెస్ట్ పాస్ అయింది. "మీ మార్పు తీసేసి అదే టెస్ట్ నడపండి, ఫెయిల్ అవ్వాలి" అన్నాను. తీసేసినా పాస్ అయింది! ఫైల్‌ని ఎడిటర్‌లో తెరిచి చివర్లో ఏదో సవరించి సేవ్ చేస్తే, ఎడిటర్ ఆ బామ్‌ని చల్లగా తీసేసింది. కనిపించని బైట్లతో ఇదే చిక్కు. నమూనా ఫైల్ వదిలేసి, టెస్ట్ లోపలే ఆ మూడు బైట్లూ చేర్చి ఫైల్ రాయమన్నాను. అప్పుడు మార్పు లేకుండా ఫెయిల్, మార్పుతో పాస్. "టెస్ట్ ఫెయిల్ అయితే ఇంత సంతోషం వేస్తుందని అనుకోలేదు" అని రాశారు. ఈ మొత్తం వ్యవహారంలో ఆమె నేర్చుకున్న వాటిలో నాకు విలువైనదిగా తోచింది ఇదే. గిట్ కమాండ్లు ఎవరైనా వెతుక్కోగలరు.

వదిలేసినవి కూడా ఉన్నాయి. ఆమె కమిట్ మెసేజ్‌లు 'ఫిక్స్', 'మళ్లీ ఫిక్స్', 'ఈసారి నిజంగా ఫిక్స్' అన్న ధోరణిలో ఉన్నాయి. విడిగా బ్రాంచ్ చేయకుండా తన ఫోర్క్‌లోని (మా రిపోకి తను తీసుకున్న నకలులోని) మెయిన్ బ్రాంచ్ మీదే పని చేశారు. ఇవేవీ ఎత్తలేదు. మెర్జ్ చేసేటప్పుడు 'స్క్వాష్' ఎంచుకుంటే అన్నీ కలిసి ఒక్క కమిట్ అవుతాయి, రాసినవారిగా ఆమె పేరే ఉంటుంది, మెసేజ్ నేను సరిగ్గా రాయొచ్చు. నాతో పాటు చూసుకునే మిత్రుడికి ఇది నచ్చలేదు. రీబేస్ (కమిట్‌ల చరిత్రని తిరగరాసే పద్ధతి) నేర్పించి, చరిత్ర ఆమె చేతే శుభ్రం చేయించాలన్నాడు. మొదటి మార్పుకే రీబేస్ అంటే మనిషి పారిపోతుందని నా వాదన. ఈ చర్చ పుల్ రిక్వెస్ట్ కింద కాకుండా మేమిద్దరం విడిగా చేసుకున్నాం. ఒకరు ఇటు, ఒకరు అటు లాగుతుంటే కొత్తవాళ్లకి ఎవరి మాట వినాలో తెలీదు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: కొత్తవాళ్ల పుల్ రిక్వెస్ట్ ఒక్కరే చూడాలి, రెండోవాళ్లు ఏదైనా చెప్పాలంటే మొదటివాళ్లకి చెప్పాలి.

ఇంత ఓపిక అందరి దగ్గరా చూపిస్తానని అనుకోకండి. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ (ఆ నెలలో పుల్ రిక్వెస్టులు పంపేవాళ్లకి బహుమతి ఇచ్చే కార్యక్రమం) టీషర్ట్ కోసం జనం ఎక్కడ పడితే అక్కడ రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైల్‌లో) 'అద్భుతమైన ప్రాజెక్ట్' లాంటి మాటలు చేర్చి పుల్ రిక్వెస్టులు కుప్పపోశారు. ఆ దెబ్బతో నెల మొదట్లోనే నియమాలు మార్చి, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు టీషర్ట్ బదులు ఏఐ రాసిన పుల్ రిక్వెస్టులు. వివరణ పేజీల కొద్దీ ఉంటుంది, భాష నున్నగా ఉంటుంది, లోపల సమస్యే ఉండదు. ఏఐ సాయం తీసుకోవద్దని నేను అనను, ఈవిడా తీసుకునే ఉండొచ్చు. నేను అడిగేది ఒకటే ప్రశ్న: ఈ సమస్య మీకు ఎక్కడ ఎదురైంది? నిజంగా ఎదురైనవాళ్లు తమ ఫైల్, తమ ఎర్రర్, తమ చిరాకు అన్నీ ఏకరువు పెడతారు. మిగతావాళ్ల దగ్గర్నుంచి ఇంకో పేజీ వివరణ వస్తుంది, మూసేస్తాను.

మెర్జ్ బటన్ నొక్కడంతో పని అయిపోలేదు. రిపోలో మార్పు ఉన్నా, పిప్‌తో (పైథాన్ టూల్స్ వేసుకునే ప్రోగ్రామ్‌తో) ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి వచ్చేది పాత వెర్షనే. మామూలుగా నాలుగైదు మార్పులు పోగయ్యాక రిలీజ్ చేస్తాను. ఈసారి ఈ ఒక్క మార్పుతోనే చిన్న రిలీజ్ చేశాను. ఆమె తన ఆఫీసు మెషిన్‌లో కొత్త వెర్షన్ వేసుకుని, మొదటి రోజు ఎర్రర్ ఇచ్చిన అదే ఫైల్ నడిపి చూసుకోవాలి కదా. రిలీజ్ నోట్స్ గిట్‌హబ్ తయారు చేసి ఇస్తుంది, అందులో కొత్త కాంట్రిబ్యూటర్లకి విడిగా ఒక భాగం ఉంటుంది. దానికి ముందు పేరు ఎలా ఉండాలో ఆమెని అడిగాను. కొందరికి పూర్తి పేరు కావాలి, కొందరికి యూజర్ పేరే చాలు, కొందరు అసలు వద్దంటారు. ఆమె యూజర్ పేరు చాలన్నారు.

తర్వాత కాంట్రిబ్యూటింగ్ ఫైల్‌లో విండోస్ భాగం పంపారు, ముందు నోట్ చేసి పెట్టుకున్నదే. పవర్‌షెల్ ఎర్రర్ అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంది, వెతికేవాళ్లకి దొరకాలని. దాంట్లో ఒక్క మాట కూడా మార్చలేదు. ఆ తర్వాత బామ్ ఆప్షన్ కూడా ఆమే రాశారు. ఈసారి బ్రాంచ్ విడిగా చేసుకున్నారు, ఎవరూ చెప్పకుండానే. మా మిత్రుడు ఆ మాట రెండుసార్లు నాకు గుర్తుచేశాడు.

ఈ దశలో చాలా ప్రాజెక్టుల్లో కొత్తవాళ్లకి కమిట్ హక్కులు (కోడ్‌ని నేరుగా మార్చే అనుమతి) ఇచ్చేద్దామా అన్న మాట వస్తుంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే లైబ్రరీలో బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడ్డాక ఆ మాట అంత తేలిగ్గా అనలేకపోతున్నాం. అక్కడ ఒక మారుపేరు మనిషి 2021 నుంచి ఓపిగ్గా మంచి ప్యాచ్‌లే పంపి, అలసిపోయిన మెయింటైనర్ నమ్మకం సంపాదించి, తానూ మెయింటైనర్ అయ్యాక ఆ పని చేశాడు. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజనీర్ అనుమానపడి తవ్వబట్టి దొరికింది. దాని వల్ల కొత్తవాళ్లందరినీ అనుమానంగా చూడాలని నేననుకోను. అడుగుతూ పోతే హక్కులు ఇచ్చేసే పద్ధతి మాత్రం మానుకోవాలి. గిట్‌హబ్ ఆర్గనైజేషన్లలో 'ట్రయాజ్' అనే స్థాయి ఉంది. ఇష్యూలకి లేబుల్స్ పెట్టొచ్చు, మూయొచ్చు, తెరవొచ్చు. కోడ్ మాత్రం నేరుగా మార్చలేరు. మూడో మనిషి కావాలన్న నా అవసరం ఎలాగూ ఉంది కాబట్టి, అది ఇస్తాను తీసుకుంటారా అని ఆమెని అడిగాను.

"ఇప్పుడొద్దండి. నాకు కావలసిన రెండూ అయిపోయాయి, ఆఫీసులో పని ఎక్కువగా ఉంది" అన్నారు. విండోస్ మీద ఏదైనా ఇష్యూ వస్తే ట్యాగ్ చేయండి, వీలైతే చూస్తాను అన్నారు. చేస్తున్నాను. కొన్నిటికి జవాబిస్తారు, కొన్నిటికి ఇవ్వరు.